మూత తీశాకే తీర్పు

పాత జేబు గడియారం పాడైందంటే చాలావరకు కారణాలు మూడే. కింద పడి ఉంటుంది, తడిసి ఉంటుంది, లేదంటే చేతగానివాళ్ళు విప్పి ఉంటారు. కింద పడినది చూడ్డానికి ఘోరంగా కనిపిస్తుంది, అయినా తరచు బాగవుతుంది. తడిసినది పైకి శుభ్రంగానే ఉండి లోపల తినేసి ఉంటుంది. మూడో రకాన్ని దారికి తేవడం అన్నిటికన్నా కష్టం. తాతగారి గడియారాన్ని బాగుచేయించాలా, అలాగే పెట్టెలో దాచాలా అని ఎవరైనా అడిగితే ముందు తేల్చుకోవలసింది ఈ మూడింటిలో ఏం జరిగిందన్నది. చాలామంది మాత్రం దాని ధరెంత ఉంటుందని మొదలుపెడతారు. ధర చూసి తీర్మానించుకుంటే బతికే గడియారాన్ని పారేస్తాం, బతకని గడియారం మీద డబ్బు పోస్తాం.

ధరకూ బాగుపడే అవకాశానికీ మధ్య ఉన్న సంబంధం మనం అనుకునేదానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో వాల్తమ్ అనే ఊళ్ళో 1850లలో ఒక గడియారాల ఫ్యాక్టరీ వెలసింది. అప్పటిదాకా ఒక్కో గడియారంలో ఒక్కో భాగాన్ని పనివాడు ఆకురాయితో అరగదీసి, పక్క భాగానికి అతికేలా చేసేవాడు. ఒకదాని చక్రం మరోదానిలో పట్టేది కాదు. వాల్తమ్ వాళ్ళు యంత్రాలతో, కొలత తప్పకుండా, ఒకే అచ్చులో భాగాలు తీయడం మొదలుపెట్టారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1864లో పుట్టిన ఎల్జిన్ కంపెనీ అదే బాట పట్టింది. మూతబడేలోపు వాల్తమ్ నుంచి దాదాపు 4 కోట్లు, ఎల్జిన్ నుంచి దాదాపు 6 కోట్ల గడియారాలు వచ్చాయి. కోట్లలో ఉన్నాయి కాబట్టే వాటిలో మామూలు రకాలకు పాత వస్తువుల సంతలో పెద్ద ధర పలకదు. కోట్లలో ఉన్నాయి కాబట్టే వాటికి విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. ధరను పడగొట్టిన కారణమే ప్రాణాన్ని నిలబెడుతోంది. దీనికి ఎదురుగా, 18వ శతాబ్దంలో లండన్‌లో చేత్తో చేసిన గడియారం ఖరీదైనది. దానిలో ఒక చిన్న ఇరుసు విరిగితే ప్రపంచంలో ఎక్కడా రెండోది ఉండదు, లేత్ మీద కొత్తగా చెక్కాల్సిందే.

మాటలతో కాకుండా ఒక గడియారాన్ని ముందు పెట్టుకుని చూద్దాం. ఇది వాల్తమ్ 1883 మోడల్, 18 సైజు, 15 రాళ్ళది. 18 సైజంటే లోపలి యంత్రం వ్యాసం దాదాపు 44.9 మిల్లీమీటర్లు, అరచేతిలో నిండుగా కూర్చుంటుంది. తెల్ల పింగాణీ డయల్ మీద ఎనిమిది అంకె దగ్గర మొదలై మధ్యదాకా రెండు సన్నటి చీలికలు. సెకన్ల ముల్లు లేదు. తల తిప్పితే కీ ఎక్కుతోంది, చప్పుడు లేదు. పైకి చూస్తే పనికిరానిదే అనిపిస్తుంది.

మూత తీయడంలోనే చాలా గడియారాలు దెబ్బతింటాయి. కొన్నిటి వెనక మూతకు కీలు ఉంటుంది, అంచున గోరు పట్టే సందు ఉంటుంది. అమెరికా గడియారాల్లో చాలావాటికి కీలు లేదు, సీసా మూతలాగే తిప్పి ఊడదీయాలి. ఆ సంగతి తెలియక కత్తి మొన దూర్చి ఎగదోస్తారు, అంచు వంగిపోతుంది, కత్తి జారితే లోపల బ్యాలెన్స్ చక్రం పోతుంది. నా ముందున్న దాని అంచున అలాంటి గీతలు రెండున్నాయి. కత్తి లోపలికి దిగలేదు, అదృష్టం.

మూత తీశాక ముందు వెతకాల్సింది బ్యాలెన్స్ చక్రాన్నే. ఈ మోడల్లో అది పై పలక మీదే, ఎదురుగా కనిపిస్తుంది. దాని కింద చుట్టలు చుట్టలుగా ఉక్కు తీగ, హెయిర్ స్ప్రింగ్. 1675లో హాలండ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ బయటపెట్టిన ఆలోచన ఇది. చక్రం ఒక పక్కకి తిరిగితే తీగ బిగుసుకుని వెనక్కి లాగుతుంది, వెనక్కి వచ్చి దాటిపోతే మళ్ళీ అటు లాగుతుంది. ఈ రకం గడియారంలో సెకనుకి 5 ఊపులు, రోజుకి 4,32,000. ఏడాదికి లెక్కవేస్తే 15 కోట్లు దాటుతుంది. మిగతా చక్రాలన్నీ ఆ ఊపులకు శక్తి అందించేవి, లెక్క పెట్టేవి. కాలాన్ని కొలిచే పని మాత్రం ఈ చక్రానిదీ ఈ తీగదే. అందుకే బాగుచేయడమా మానడమా అన్న తీర్పులో సగం ఇక్కడే తేలిపోతుంది.

గడియారాన్ని నెమ్మదిగా ఇటూ అటూ వంచాను. చక్రం బద్ధకంగా కదిలింది, ఒక పక్కకి ఒరిగి పలకను తాకి ఆగింది. ఆరోగ్యంగా ఉన్న చక్రం ఎక్కడా తాకకుండా సమతలంగా తిరగాలి. ఒరిగిందంటే ఇరుసు కొన విరిగిందని అర్థం. రిపేరు చేసేవాళ్ళు స్టాఫ్ పోయింది అంటారు. కింద పడిన గడియారాల్లో ఎక్కువగా జరిగేది ఇదే.

ఎందుకు విరుగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. మీటరు ఎత్తు నుంచి గడియారం రాతి గచ్చు మీద పడి, కేసు సొట్టపడి అర మిల్లీమీటరు దూరంలో ఆగిందనుకుందాం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే 2000 వస్తుంది. ఆ క్షణంలో లోపలి ప్రతి భాగమూ తన బరువుకి దాదాపు రెండు వేల రెట్ల తాకిడికి లోనవుతుంది. బ్యాలెన్స్ చక్రం బరువు ఒక గ్రాము అనుకుంటే, అది ఉన్నట్టుండి రెండు కిలోల బరువై తన ఇరుసు మీద పడుతుంది. ఆ ఇరుసు కొనలు మిల్లీమీటరులో పదో వంతు మందం. రాపిడి తగ్గాలని అంత సన్నగా చేస్తారు, తిరిగినా అరగకూడదని ఉక్కును గట్టిపరుస్తారు. గట్టిపడిన ఉక్కు వంగదు, విరుగుతుంది. 1790 ప్రాంతంలో పారిస్‌లో బ్రెగే అనే నిపుణుడు ఆ కొనలు ఆనే రాళ్ళను స్ప్రింగుల మీద కూర్చోబెట్టి దీనికి విరుగుడు కనిపెట్టాడు. అయితే అది అందరికీ అందే రూపంలో రావడానికి 1930ల దాకా పట్టింది, స్విట్జర్లాండ్‌లో తయారైన ఇంకాబ్లాక్ 1934 నాటిది. అంతకుముందు పుట్టిన మన జేబు గడియారాలకు ఆ రక్షణ లేదు.

స్టాఫ్ మార్చడం నిపుణుడికి రోజువారీ పనే. ఇక్కడే వాల్తమ్ లాంటి ఫ్యాక్టరీ గడియారానికి కలిసొచ్చేది. యంత్రం మీద చెక్కిన వరస సంఖ్య చూస్తే మోడల్, తయారైన కాలం తెలుస్తాయి, దాన్నిబట్టి ఏ స్టాఫ్ కావాలో తెలుస్తుంది. కేసు మీద ఉండే సంఖ్య వేరు, దానితో పని లేదు. అమెరికాలో యంత్రాన్నీ కేసునూ విడివిడిగా అమ్మేవారు, కొనేవాడు తనకి నచ్చిన కేసులో పెట్టించుకునేవాడు. రెండు సంఖ్యలూ కలవలేదని కంగారు పడనక్కర్లేదు. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే స్విస్ గడియారాల సంగతి కొంచెం వేరు. బొంబాయి, కలకత్తా పేర్లు డయల్ మీద వేసుకున్న వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ వాటికి, ఇంకా అలాంటి వాటికి, డయల్ మీదిది అమ్మినవాడి పేరు. యంత్రం ఎక్కడిదో తెలియాలంటే డయల్ విప్పి కింద పలక మీద గుర్తు వెతకాలి. ఆ గుర్తు దొరికితే విడిభాగం దొరికే దారి తెరుచుకుంటుంది.

ఇప్పుడు తడి సంగతి. ఇది నేను అన్నిటికన్నా జాగ్రత్తగా చూసేది. గడియారంలో పలకలు, పెద్ద చక్రాలు ఇత్తడివి. ఇరుసులు, మరలు, స్ప్రింగులు, తల తిప్పే పళ్ళ చక్రాలు ఉక్కువి. తుప్పు పట్టేది ఇవే. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెచ్చులుగా లేస్తుంది. అది చిల్లులు చిల్లులుగా ఉండి గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది, కాబట్టి ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు. ఉప్పు గాలి తోడైతే ఇంకా త్వరగా పాకుతుంది. మచిలీపట్నంలోనో భీమిలిలోనో మూడు తరాలు బీరువాలో పడున్న గడియారానికీ, మెదక్ పక్క పొడి నేలలో ఉన్నదానికీ లోపల తేడా ఉంటుందని ముందే అనుకోవచ్చు. రొంటిన దోపుకున్న గడియారాలకు చెమట మరో శత్రువు. తల దగ్గరి గొట్టంలోంచి అది లోపలికి దిగుతుంది. అందుకే తుప్పు వెతకాలంటే ముందుగా తల కింద చూడాలి.

తుప్పు ఎంత ఉందన్నదాని కంటే ఎక్కడుందన్నది ముఖ్యం. మర తల మీద ఎర్రటి మచ్చ ఉంటే పాలిష్‌తో పోతుంది. కీ తిప్పే చక్రం మీదుంటే మరోటి వేయొచ్చు. హెయిర్ స్ప్రింగ్ మీదుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. సన్నటి పట్టీని వంచడానికి కావలసిన బలం దాని మందపు ఘనానికి అనుగుణంగా మారుతుంది. మందం మొత్తం పొడవునా నూటికి ఒక వంతు తగ్గితే బిగువు నూటికి మూడు వంతులు తగ్గుతుంది. బిగువు నూటికి మూడు వంతులు తగ్గితే ఊపుల వేగం నూటికి వంతున్నర తగ్గుతుంది. రోజుకి 86,400 సెకన్లలో నూటికి వంతున్నర అంటే 1,296 సెకన్లు, ఇరవయ్యొక్క నిమిషాలు దాటి వెనకబడుతుంది. పట్టీ మందమే మిల్లీమీటరులో చాలా చిన్న వంతు, అందులో నూరో వంతు అంటే ఏ కంటి గ్లాసుకీ అందదు. హెయిర్ స్ప్రింగ్ తుప్పును గీకి ఎవరూ బాగుచేయలేరు. గీకితే ఇంకా సన్నబడుతుంది. స్ప్రింగునే మార్చాలి, మార్చినదాన్ని చక్రం బరువుకు సరితూగేలా కొలిచి కత్తిరించాలి. లేదా చక్రమూ స్ప్రింగూ కలిసి ఉన్న జతను మరో యంత్రం నుంచి తేవాలి. సామాన్య గడియారానికి ఇంత పని పెట్టించే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మంచిది.

నా ముందున్నదాన్ని భూతద్దం కింద నిదానంగా చూశాను. హెయిర్ స్ప్రింగ్ నీలిరంగు చెక్కుచెదరలేదు, చుట్టల మధ్య ఎడం సమంగా ఉంది. ఉక్కును వేడిచేసి తెచ్చే ఆ నీలం ఎక్కడైనా గోధుమరంగుకి తిరిగితే తుప్పు మొదలైనట్టు. తల దగ్గర చక్రం మీద మాత్రం ఎర్రటి పొడి ఉంది. ఆ పొడి అక్కడే ఉందా, లోపలి చక్రాల్లోకి రాలిందా అన్నది విప్పితేనే తెలుస్తుంది.

చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తే గుండె జారనక్కర్లేదు. చాలాసార్లు అది అయస్కాంతం పని. ఉక్కు హెయిర్ స్ప్రింగుకి అయస్కాంతం పట్టిందంటే చుట్టలు అంటుకుంటాయి, పనిచేసే తీగ పొడవు తగ్గుతుంది, గడియారం పిచ్చిగా ముందుకి పరిగెడుతుంది. స్పీకర్ల పక్కన, మాగ్నెట్ బిళ్ళ ఉన్న ఫోన్ కవర్ల పక్కన పెట్టినా పట్టొచ్చు. అయస్కాంతం తీసే చిన్న పరికరంలో పెడితే క్షణాల్లో వదులుతుంది. రోజుకి గంట ముందుకెళ్తోందని పక్కన పడేసిన గడియారం అసలు జబ్బు ఇంత చిన్నది కావచ్చు.

"కీ ఎక్కువ ఇచ్చేశారు, అందుకే బిగుసుకుపోయింది" అనే మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. పాపం ఆ నింద ఎప్పుడూ ఎవరో ఒక మనవడి మీద పడుతుంది. మెయిన్ స్ప్రింగ్ పూర్తిగా చుట్టుకున్నాక ఇక తిరగదు, అంతే. కీ నిండుగా ఉండి గడియారం నడవలేదంటే ఆ శక్తి ఎక్కడో దారిలో ఆగిపోయింది, చాలావరకు ఎండిపోయిన నూనె దగ్గర. నూరేళ్ళ కిందట గడియారాలకు వేసిన మంచి నూనెల్లో ఒకటి పార్పాయిజ్ అనే సముద్రజీవి దవడ కొవ్వు నుంచి తీసేవారు. మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫోర్డ్ ఆ వ్యాపారానికి పేరుబడ్డ రేవు. చలికి గడ్డకట్టని నూనె అది, కానీ దశాబ్దాలు గడిస్తే బంకగా మారి ఇరుసు కొనలను పట్టేస్తుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, ఆ బంకలో దుమ్ము కలిసి సాన పట్టే పదార్థమవుతుంది. అలాంటి గడియారాన్ని కుదిపి కుదిపి నడిపిస్తే నడుస్తుంది, నడిచినంతసేపూ తన ఇరుసులను తానే అరగదీసుకుంటుంది. అందుకే పెట్టెలోంచి తీయగానే "నడుస్తోందే!" అని సంబరపడి రోజూ కీ ఇవ్వొద్దు. శుభ్రం చేయించి నూనె వేయించే దాకా దాన్ని ఊరుకోనివ్వాలి.

మెయిన్ స్ప్రింగ్ తెగడం పెద్ద జబ్బేమీ కాదు, కొత్తది వేయొచ్చు. తెగినప్పుడు ఏం చేసిందన్నదే ప్రశ్న. చుట్టుకున్న శక్తి అంతా ఒక్కసారి వెనక్కి తన్ని మధ్య చక్రం పళ్ళను ఊడగొట్టగలదు. చార్లెస్ ఫాగ్ అనే వాల్తమ్ పనివాడు 1865లో దీనికి ఒక ఉపాయానికి పేటెంట్ తీసుకున్నాడు. వెనక్కి తన్నగానే మధ్య చక్రంతో ఉన్న చిన్న పళ్ళ చక్రం మరలాగా తనంతట తాను వదులై తాకిడిని వదిలేస్తుంది. ఇంగ్లండ్ గడియారాల్లో స్ప్రింగు బలాన్ని సమం చేసే ఫ్యూజీ అనే శంకువు, దాని మీద చుట్టుకునే సన్నటి గొలుసు ఉంటాయి. భూతద్దం కింద చూస్తే అచ్చం సైకిల్ చైనే. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్ ఊళ్ళో ఆడవాళ్ళు, చిన్నపిల్లలు కళ్ళు పోగొట్టుకుంటూ వాటి లంకెలు కూర్చేవారు. ఆ గొలుసు తెగితే పారేయకండి. ఒక లంకె తీసి రివెట్ వేయగల చేతులు ఇంకా ఉన్నాయి, ఆ పిల్లల పని అలా ఇంకొంతకాలం నిలుస్తుంది.

చేతగాని రిపేర్ల ఆనవాళ్ళు వెతకడం నేర్చుకుంటే ఎవరైనా చదవగలరు. మరల గాడులు చితికి ఉండటం, ఒక మర మిగతావాటికంటే వేరే రంగులో ఉండటం, అరిగిన రంధ్రాన్ని బిగించడానికి చుట్టూ పంచ్‌తో కొట్టిన గుంటలు, కేసు మీద సీసం అతుకు, డయల్ వెనక ఫెవిక్విక్ మరక. బ్యాలెన్స్ చక్రం అంచు వంగి ఉండటం వీటిలో మరీ చెడ్డది. మేలురకం పాత గడియారాల్లో ఆ అంచు రెండు లోహాలది, లోపల ఉక్కు, పైన ఇత్తడి, రెండు చోట్ల తెగి ఉంటుంది. ఆ తెగుడు చూసి విరిగిందని అనుకోవద్దు, అలాగే చేశారు. ఉక్కు హెయిర్ స్ప్రింగుకి వేడి తగిలితే బిగువు సడలుతుంది. సాదా చక్రం ఉన్న గడియారం ఒక్కో డిగ్రీ సెంటీగ్రేడుకి రోజుకి పది సెకన్ల పైచిలుకు వెనకబడుతుంది. జనవరిలో దిద్దిన గడియారం మన మే నెల ఎండల్లో నిమిషాల కొద్దీ తప్పుతుందన్నమాట. రెండు లోహాల అంచు వేడికి లోపలికి ముడుచుకుని ఆ నష్టాన్ని పూడుస్తుంది. గడియారాల కుటుంబంలో పుట్టిన షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్త వేడికి దాదాపు చలించని నికెల్ ఉక్కును 1896లో కనిపెట్టి ఈ సమస్యను ఇంకా లోతుగా పరిష్కరించాడు, 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఇంత ఆలోచన నిండిన ఆ అంచును వేలితో వంచి "సరిచేసిన" వాళ్ళు నూరేళ్ళ కొలతను ఒక్క క్షణంలో చెరిపేస్తారు.

రైలు గడియారాలకు ఈ కొలతలు ప్రాణాల మీద మాట. 1891 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి, మళ్ళీ తనంతట తానే నడిచిందని చెబుతారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే క్లీవ్‌లాండ్ వ్యాపారిని పిలిచి నియమాలు రాయించారు. వారానికి 30 సెకన్లకు మించి తప్పకూడదు, అంటే ఇరవై వేలలో ఒక వంతు. యంత్రం మీద అయిదు భంగిమల్లో సరిచేసినట్టు రాసి ఉంటే, 17 లేదా 21 రాళ్ళు ఉంటే, అది ఆ జాతిది. దాని మీద పెట్టే ఖర్చుకు అర్థం ఉంది.

రాళ్ళంటే గుర్తొచ్చింది. లోపల కెంపులున్నాయని విని గడియారాన్ని ఆభరణంలా చూసేవాళ్ళున్నారు. అవి చాలావరకు కెంపులే, కానీ నగల షాపులో వాటికి విలువ లేదు. కెంపు కాఠిన్యం మో కొలబద్ద మీద 9, ఉక్కు కొన దాని మీద తిరిగితే రెండూ అంత తొందరగా అరగవు. ఆ కారణంతో 1704లో లండన్‌లో రాళ్ళకు రంధ్రాలు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ కృత్రిమ కెంపు తయారీని ప్రకటించాక అవి చౌకయ్యాయి.

రాళ్ళ గురించిన భ్రమ కంటే బంగారం విషయంలో జరిగే నష్టం పెద్దది. మూత లోపల ఇరవై ఏళ్ళ గ్యారంటీ అని ఇంగ్లీషులో ముద్ర ఉంటే అది రోల్డ్‌గోల్డ్. బంగారు రేకు అన్నేళ్ళు అరగదని హామీ, అంతే. అంచుల్లో ఇత్తడి తేలి ఉంటుంది చూడండి. ముద్ద బంగారు కేసైతే దాన్ని తూకానికి అమ్మేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బంగారం ధర పెరిగిన ప్రతిసారీ కేసులు కొలిమిలోకి పోతాయి, దుస్తుల్లేని యంత్రాలు సంచుల్లో మిగులుతాయి. మనం స్టాఫ్ కోసం, ముల్లు కోసం వెతికినప్పుడు దొరికేవి చాలావరకు ఆ అనాథ యంత్రాలే. ఒకటి కరిగితేనే మరొకటి నడుస్తోందన్న నిజం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

పింగాణీ డయల్ అంటే రాగి రేకు మీద గాజు పొడి చల్లి 800 డిగ్రీల పరిసరాల్లో కాల్చినది. గాజు కాబట్టి నూరేళ్ళయినా తెలుపు తెలుపే. సన్నటి చీలిక మళ్ళీ అతుక్కోదు, పెద్దగా పాకదు కూడా. దాన్లో దిగిన మట్టిని తీసేస్తే దాదాపు కనిపించకుండా పోతుంది. పెచ్చు ఊడితే రెసిన్‌తో నింపడం ఉంది. డయల్ కొత్తగా రంగు వేయిస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను, అసలుది ఎంత గాయపడినా సరే. ఒక హెచ్చరిక కూడా: 1910ల తర్వాతి కొన్ని గడియారాల్లో ముళ్ళు, అంకెలు చీకట్లో మెరవడానికి రేడియం పూశారు. ఇప్పుడు మెరవడం లేదంటే రేడియం చచ్చిపోయిందని కాదు. మెరిసే జింక్ సల్ఫైడ్ పాడైంది, రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. ఆ పూత ఉన్న డయల్‌ను ఇంట్లో విప్పొద్దు, గీకొద్దు, పిల్లల చేతికివ్వొద్దు.

నా వాల్తమ్ విషయంలో తీర్పు సులభమైంది. హెయిర్ స్ప్రింగ్ బాగుంది, చక్రం అంచు వంగలేదు, స్టాఫ్ దొరుకుతుంది, సెకన్ల ముల్లు దొరుకుతుంది, తుప్పు తల దగ్గరే ఉన్నట్టుంది. బాగుచేయించడానికి అయ్యే ఖర్చు సంతలో దాని ధరను దాటుతుంది. అయినా చేయించాలి, ఎందుకంటే ఇది నడవగలదు. ఇదే గడియారం తడిసి హెయిర్ స్ప్రింగ్ పోయి ఉంటే వద్దని చెప్పేవాణ్ణి.

వద్దనే జాబితాలో ఇంకొన్ని ఉన్నాయి. మూత లోపల సిలిండర్ అని, పది రాళ్ళని రాసి ఉండే చవక స్విస్ గడియారాలు వేలల్లో కనిపిస్తాయి. 1726 ప్రాంతంలో జార్జ్ గ్రాహమ్ లండన్‌లో తీర్చిదిద్దిన గొప్ప పద్ధతి అది, కానీ ఆ సన్నటి ఉక్కు గొట్టం అరిగినా విరిగినా మార్చడానికి అయ్యే పని ఆ గడియారం మోయలేదు. 1867లో రోస్‌కాఫ్ కార్మికుల కోసం చేసిన రకం, 1896లో ఒక్క డాలరుకి అమ్మిన ఇంగర్‌సోల్ రకం, రిపేరు చేయించుకోవాలని చేసినవి కావు.

అయితే ఎవరిదన్నది తేలితే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. గాంధీజీ దగ్గరున్న జెనిత్ జేబు గడియారం, కళ్ళజోడు, చెప్పులు, పళ్ళెం, గిన్నెతో కలిపి 2009లో న్యూయార్క్ వేలంలో 18 లక్షల డాలర్లు పలికింది. వాటిని విజయ్ మాల్యా కొన్నాడు. అలాంటి చోట్ల పనివాడి చేయి ఎంత తక్కువ పడితే అంత మంచిది. అబ్రహాం లింకన్ బంగారు గడియారం కథ దీనికి నిదర్శనం. 1861 ఏప్రిల్‌లో అది వాషింగ్టన్‌లో రిపేరుకు వచ్చినప్పుడు, అమెరికా అంతర్యుద్ధానికి నాంది పలికిన ఫోర్ట్ సమ్టర్ మీది దాడి వార్త విని జోనథన్ డిలన్ అనే పనివాడు తన పేరు, తేదీ, దాడి సంగతి డయల్ కింద పలక మీద గీశాడు. లింకన్‌కి ఆ సంగతి తెలియదు. డిలన్ వంశంలో ఆ మాట చెప్పుకుంటూ వచ్చారు. 2009 మార్చిలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో విప్పి చూస్తే ఆ రాత అలాగే ఉంది. మధ్యలో ఎవరో శ్రద్ధగా ఆ పలకను పాలిష్ చేసి ఉంటే? మన గడియారాల మూతల లోపలా రిపేరు చేసినవాళ్ళు సూదితో గీసిన అంకెలు, తేదీలు ఉంటాయి. ఏ ఏడు ఎవరు విప్పారో చెప్పే చరిత్ర అది. మెరుపు కోసం దాన్ని చెరపనివ్వొద్దు.

కొన్ని అసలు నడవకూడదు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో 8:15 దగ్గర ఆగిన జేబు గడియారం ఉంది. 1945 ఆగస్టు 6 ఉదయం అది ఆగింది. దానిలో పాడైనదే దాని సాక్ష్యం.

నడిపించకూడదని తేల్చుకున్న గడియారానికి కూడా చేయవలసింది ఉంది. నిపుణుడి చేత విప్పించి, తుప్పు పొడి, బంక తీయించి, మళ్ళీ బిగించి ఆపేయమని చెప్పొచ్చు. దాన్ని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి, రబ్బరు బ్యాండు చుట్టకూడదు, దానిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. నడిపించదలుచుకున్నదాన్ని ఇచ్చేటప్పుడు మాత్రం ముందే అడగాలి: స్టాఫ్ మార్చడం వచ్చా, లేత్ ఉందా, హెయిర్ స్ప్రింగ్ ముట్టుకునే ముందు ఫోన్ చేస్తారా, ఊపులు కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రం మీద పెట్టి ఊపు ఎంతుందో చూపిస్తారా. చేతి గడియారాలు రోజూ బాగుచేసే మంచి పనివాళ్ళలో కూడా లేత్ పని తెలిసినవాళ్ళు తక్కువ. రాదని నిజాయితీగా చెప్పినవాడికి దండం పెట్టి మరో చోటికి వెళ్ళడమే. పని అయ్యాక విరిగిన స్టాఫ్, తెగిన స్ప్రింగు, మార్చిన మరలు అన్నీ అడిగి తీసుకుని, తేదీ రాసిన చిన్న కవరులో గడియారంతోపాటే ఉంచాలి. తర్వాత విప్పేవాడికి ఏది అసలుదో, ఏది మన కాలంలో వేసిందో వాటిని చూస్తేనే తెలుస్తుంది.